గ్రహణం పూట రెండో కుప్ప

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ లెక్కలేదు. దిష్టి, దోషం, శకునం, ఏదీ నమ్మను. ఎందుకు నమ్మనో నా మొహం చూస్తే తెలుస్తుంది. పుట్టుకతో నాకు గ్రహణం మొర్రి. పసితనంలోనే గుంటూరులో ఆపరేషన్ చేసి పైపెదవి కుట్టారు. ఆ గీత ఇప్పటికీ కనిపిస్తుంది.

మా అమ్మ ఎండుమిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్ళేది. నేను కడుపులో ఉండగా గ్రహణం రోజున కూడా పనిలో కూర్చుందట. కడుపుతో ఉన్నవాళ్ళు ఆ వేళ ఏదీ కోయకూడదు, తుంచకూడదు, చీకటి గదిలో కదలకుండా పడుకోవాలి అంటారు. కూలికి వెళితేగానీ పొయ్యి వెలగని ఇంట్లో అది కుదిరే పనేనా? నేను పుట్టాక ఊరంతా ఒకటే మాట: "దీని మూలానే పిల్లకి మూతి చీలింది." పోయేదాకా అమ్మ ఆ మాట పడుతూనే ఉంది. మొర్రి ఎందుకొస్తుందో ప్రతిసారీ చెప్పలేం కానీ గ్రహణానికీ దానికీ సంబంధం లేదని డాక్టరు గారు తేల్చి చెప్పారు. ఊళ్ళో ఆయన మాట ఎవరిక్కావాలి?

అమ్మకో అలవాటుండేది. తొడిమ తీసిన కాయని అందరిలా విసిరేసేది కాదు. కొసలన్నీ ఒకవైపుకు వచ్చేలా పేర్చేది. "టిక్కీ బస్తాలో తొక్కేదానికి ఈ సోకెందుకే?" అని తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. అయినా మానలేదు.

పర్చూరు దగ్గర అత్తగారింట్లో నేను ఏడో నెలతో ఉండగా, ఒక చలికాలం పొద్దున సూర్యగ్రహణం పట్టింది. అత్తయ్య ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి, నా గది కిటికీలకు దుప్పట్లు కట్టింది. నేను గ్రహణం కళ్ళద్దాలు, ఒక జల్లెడ, తొలికోత ఎండుమిరపకాయల బుట్ట పట్టుకుని డాబా మెట్లెక్కాను.

"అమ్మాయ్, చెప్తే వినవేంటి? నీ మూతి అద్దంలో చూసుకోవట్లా?" అని కింద నుంచి అరిచింది.

"రోజూ చూసుకుంటన్నా అత్తయ్యా. అందుకే పైకెళ్తన్నా."

డాబాకి ఉన్నది ఒకటే తలుపు. దానికి నా వైపు నుంచి గడియ పెట్టాను.

కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే సూర్యుడు కొరికిన అప్పడంలా ఉన్నాడు. జల్లెడ ఎండకి అడ్డం పట్టుకుంటే, చిల్లుల్లోంచి నేల మీద నిండా చిన్న చిన్న నెలవంకలు. ఎంత బాగుందో! ఇంత అందాన్ని మా అమ్మకి శాపంగా అంటగట్టారు కదా అని ఒళ్ళు మండింది. ఎండకి వీపు పెట్టి కూర్చుని, పంతంగా తొడిమలు తుంచడం మొదలుపెట్టాను.

అయితే బిడ్డ పొద్దుటి నుంచీ కదల్లేదు. భయం వేసింది, దాచేదేముంది.

వెలుతురు బాగా తగ్గిన వేళ, నేల మీద నా నీడకి ఎడమ పక్కన ఇంకో నీడ కనిపించింది. గొంతుక్కూర్చున్న ఆడమనిషి నీడ. చేతులు ఆడుతున్నాయి, తుంచడం, పెట్టడం, తుంచడం, పెట్టడం. తిరిగి చూశాను. పక్కన ఎవరూ లేరు. నేల వైపు చూస్తే నీడ ఉంది. అప్పుడే కడుపులో బిడ్డ గట్టిగా తన్నింది. నేను పని ఆపలేదు. ఎండ తేరుకునేసరికి నా నీడ ఒక్కటే మిగిలింది.

గ్రహణం విడిచాక తలుపు తీశాను. అత్తయ్య రుసరుసలాడుతూ వచ్చి నేల వైపు చూసి ఆగిపోయింది.

"ఇదేంటే, ఈ కుప్పేమో ఇట్టా విసిరేశావ్, ఆ కుప్పేమో పూలు పేర్చినట్టు పేర్చావ్?"

చూశాను. నాది కుడి పక్కన ఉంది. రెండోది ఎడమ పక్కన, నా చెయ్యి అందనంత దూరంలో ఉంది. కొసలన్నీ ఒకవైపే. అమ్మ అలవాటు గురించి అత్తయ్యకి నేనెన్నడూ చెప్పలేదు.

పరధ్యానంలో నువ్వే పేర్చి ఉంటావని మా ఆయన అంటాడు. అననీ.

పాప పుట్టగానే అత్తయ్య ముందుగా గుడ్డ తప్పించి మూతి చూసింది. ఏ మొర్రీ లేదు. "గండం తప్పింది" అంది. మొర్రితో పుట్టినా కుట్టించేవాళ్ళం, తప్పు మాత్రం నాదీ కాదు, మా అమ్మదీ కాదు అన్నాను.

ఆ రెండో కుప్ప ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. తెలియదు అని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. మా అమ్మ మీద నింద వేసినవాళ్ళలో ఒక్కరైనా ఆ మాట అని ఉంటే, ఆవిడ తలెత్తుకుని బతికేది.