బాబూలాల్ ఇచ్చిన గొంతు

రెండువేల ఇరవై మూడు వేసవి మొదట్లో, నోయిడాలో నేను పనిచేసే సౌండ్ స్టూడియోకి ఒక తెలుగు సైన్స్ ఫిక్షన్ సినిమా వచ్చింది. గ్రాఫిక్స్ పని పక్క సెక్టారులోనే జరుగుతోంది కనుక శబ్దాల పని కూడా ఇక్కడే పూర్తి చేసుకుందామని దర్శకుడు కిరణ్ హైదరాబాదు నుంచి వచ్చి మకాం వేశాడు. మా స్టూడియోలో తెలుగు తెలిసిన ఎడిటర్‌ని నేనొక్కదాన్నే. అలా ఆ సినిమా నా బల్ల మీదకు చేరింది.

సౌండ్ ఎడిటర్ అంటే పాటలు చేసే మనిషి అనుకుంటారు. మేముండే మయూర్ విహార్‌లో మా అమ్మ పక్కింటివాళ్లకు ఇప్పటికీ అలాగే చెబుతుంది. నిజానికి తెర మీద తలుపు మూసుకున్నా, చీరకొంగు కదిలినా, ఎవరైనా ఊపిరి పీల్చినా దానికి తగ్గ శబ్దాన్ని వెతికి, కోసి, అతికించడం నా పని. ఒక్కో శబ్దం వెనక మూడు నాలుగు లేయర్లుంటాయి. లేయర్ అంటే ఒక శబ్దం మీద ఇంకొకటి పరవడం. తెర మీద పులి గర్జనలో సగం ఏ పాత గేటు కిర్రుమన్న చప్పుడో అయి ఉంటుంది.

ఆ సినిమాలో గోపి అనే చింపాంజీ ఉంది. వసుధ అనే శాస్త్రవేత్త వాణ్ణి పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచి పెంచుతుంది. మాటలన్నీ అర్థమవుతాయి, చేతి సైగలతో జవాబులు చెబుతాడు. వాణ్ణి ప్రయోగాల కోసం అప్పగించమని పైనుంచి ఉత్తర్వు వస్తుంది. "ఇంటికి వెళదాం రా" అని వసుధే వాణ్ణి బోను ఎక్కిస్తుంది. తలుపు పడ్డాక వాడికి అర్థమవుతుంది. మనుషులకీ ఆ జాతికీ మధ్య తర్వాత జరిగే యుద్ధమంతా ఆ ఒక్క అబద్ధంలోంచి పుట్టిందే.

తలుపు పడ్డాక అరనిమిషం పాటు తెర నిండా గోపి ముఖమే. ఆ అరనిమిషం నాకు కొరకరాని కొయ్య అయింది. మా దగ్గరున్న చింపాంజీ అరుపులన్నీ వేసి చూశాను. వాటి కింద ఏనుగు ఘీంకారం పరిచాను. కిరణ్ ఓపిగ్గా విని తల అడ్డంగా ఊపాడు.

"బాగానే ఉంది గానీ పద్మజ గారూ, జంతువు అరిచినట్టుంది. గోపి అరిచినట్టు లేదు."

ఆ ఆదివారం అమ్మకు తెలుగు భోజనం తినాలనిపిస్తే అశోకా రోడ్‌లోని తెలుగు క్యాంటీన్‌కు వెళ్లాం. బయట క్యూలో నిలబడి ఉండగా, ఎదురుగా ఒక ఆఫీసు గోడ మీద కోతుల మంద దిగింది. ఎక్కడి నుంచో సైకిల్ మీద ఒక పెద్దాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. సైకిల్ స్టాండు వేసి, రెండు చేతులూ నోటి దగ్గర దోసిలిగా పట్టి ఒక్క కూత కూశాడు. పిల్లల తల్లులతో సహా మంద మొత్తం చెట్లెక్కి మాయమైంది. కోతులకు కొండముచ్చంటే హడల్. అది కొండముచ్చు గొంతు. ఎక్కడా మనిషి ఆనవాలు లేదు.

నేను క్యూ వదిలి పరుగెత్తాను. "ఎక్కడికే!" అని అమ్మ అరుస్తూనే ఉంది.

ఆయన పేరు బాబూలాల్. ఆ వీధిలోని ఆఫీసుల్లో కోతుల్ని తరమడానికి పెట్టుకున్న మనిషి. మా మాటలన్నీ హిందీలోనే జరిగాయి. సినిమా సంగతి చెబితే నవ్వాడు. "మనుషులు నా కూత వినడమా! ఇన్నాళ్లూ కోతులే విన్నాయి."

మర్నాటి మధ్యాహ్నం స్టూడియోకి వచ్చాడు. కొండముచ్చు గొంతు చింపాంజీకేమిటని కిరణ్‌కు అనుమానం. కాసేపట్లోనే అది పోయింది. బాబూలాల్ అరవడానికి ముందు బొమ్మ చూపించమనేవాడు. "మొహం కాదు, భుజాలు చూడు బేటీ. భుజాలు పైకి లేచాయంటే ఊపిరి గొంతులోనే ఆగిపోతుంది. అరుపు కడుపులోంచి రాదు." పళ్లు నూరడం, కోపం రాకముందు వచ్చే పొడి దగ్గు, నిద్రలో గురక, ఇష్టమైనవాళ్లు కనిపిస్తే గొంతు అడుగున పుట్టే కువకువ, ఒక్కొక్కటీ విడివిడిగా చేసి ఇచ్చాడు. ఎంతోమంది డబ్బింగ్ కళాకారులతో పనిచేశాను. తన గొంతు ఎక్కణ్ణుంచి పుడుతోందో అంత కచ్చితంగా తెలిసిన మనిషిని చూడలేదు. రెండు రోజుల్లో గోపికి ప్రాణం వచ్చింది.

మూడోరోజు బోను సీను పెట్టాను. ఆయన బూత్‌లో, అంటే బయటి చప్పుడు చొరబడని చిన్న గదిలో, నిలబడి చూశాడు. నేను అద్దానికి ఇవతల ఉన్నాను. 'ఇంటికి వెళదాం రా' అన్న మాటకు అర్థం అడిగాడు. చెప్పాను. ఆయన స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"ఇది నావల్ల కాదు బేటీ. మైకు ఆపెయ్."

"ఠీక్ హై" అన్నాను. చెయ్యి కీబోర్డు మీదకు వెళ్లింది కానీ నొక్కలేదు.

"బంద్ కర్ దియా?" ఆపేశావా అని మళ్లీ అడిగాడు.

"జీ", అవునండి అన్నాను.

అప్పుడు చెప్పాడు. ఒకప్పుడు వాళ్లు కోతుల్ని తరమడానికి నిజం కొండముచ్చుల్నే తాడు కట్టి తిప్పేవాళ్లట. ఆయన దగ్గర మంగళ్ ఉండేవాడు. తల్లి చనిపోతే ఆయనే సీసాతో పాలుపట్టి పెంచాడు. తర్వాత కొండముచ్చుల్ని అలా ఉంచుకోవడం చట్టవిరుద్ధమని అధికారులు గట్టిగా పట్టుకున్నారు. తీసుకెళ్లడానికి బండి వచ్చింది. మంగళ్ ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు.

"నేనే ఎత్తుకుని ఎక్కించాను. 'చల్, ఘర్ చలేఁ', పద ఇంటికి వెళదాం అన్నాను. వాడు నా మెడ వదిలి లోపల కూర్చున్నాడు. తలుపేశారు. వాడు అరవలేదు బేటీ, కరవడానికి రాలేదు. అంత పెద్ద మగ కొండముచ్చు, పాలసీసా కోసం పసివాడుగా ఉన్నప్పుడు చేసే చప్పుడు చేశాడు."

చెబుతూ చెబుతూనే ఆ చప్పుడు చేశాడు. సన్నగా, చివర పైకి తేలి, ప్రశ్నలా తెగిపోయేది. అది మైకులో పడింది.

ఆయన వెళ్లిపోయాక దాన్ని గోపి ముఖం కింద పెట్టాను. కిరణ్ ఆ సీను మళ్లీ పెట్టించుకుని విన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. ఎలా దొరికిందో చెప్పాను.

"ఆయనకు చెబుదాం లెండి" అన్నాడు.

"ఆయన వద్దంటే?" అన్నాను.

కిరణ్ కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. "అయితే చెప్పకండి. ఆయన తెలుగు సినిమా ఎక్కడ చూస్తాడు?"

నేనూ తల ఊపాను. అది దాచను.

మర్నాడు ఆ శబ్దాన్ని శుభ్రం చెయ్యడానికి కూర్చున్నాను. ముక్క కొయ్యాలంటే ముందూ వెనకా వినాలి. మొదట ఆయన గొంతు, "బంద్ కర్ దియా?" వెంటనే నా గొంతు, "జీ." ఎంత మర్యాదగా అన్నానో! పక్క ట్రాక్‌లో వసుధ "ఇంటికి వెళదాం రా" అంటోంది. ఆ రెండూ పదిసార్లు విన్నాను. నా 'జీ'ని కోసి పారేస్తే తప్ప ఆ శబ్దం పనికిరాదు. కత్తెర గుర్తును దాని మీద పెట్టి కూడా నొక్కలేకపోయాను.

మధ్యాహ్నం సెలవు పెట్టి అశోకా రోడ్ వెళ్లాను. బాబూలాల్ ఒక ఆఫీసు గేటు దగ్గర టీ తాగుతున్నాడు. నిలబడే అంతా చెప్పాను. ఆయన గ్లాసు గోడ మీద పెట్టాడు.

"నన్ను అడిగితే నావి ఎన్ని కూతలైనా ఇచ్చేవాణ్ణి" అన్నాడు. "అది నాది కాదు. వాడిది. నేను వాడికి ఒకసారి చేసింది చాలు."

"తీసేస్తాను బాబూలాల్ జీ."

"నీ ఇష్టం. నీ దగ్గరే ఉంది కదా."

టీ గ్లాసు అక్కడే వదిలేశాడు. సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

సాయంత్రం వచ్చి ఆ రికార్డింగునూ దాని నకళ్లనూ చెరిపేశాను. అప్పుడు కిరణ్‌కు చెప్పాను. "నా సినిమా గుండెకాయ అది, నన్నడక్కుండా ఎలా తీసేస్తారు?" అని పెద్దగా అరిచాడు. అతని కోపంలో న్యాయముంది. కానీ చెరిపింది చెరిపిందే. ఆ అరనిమిషంలో రూమ్ టోన్ వేశాం. ఎవరూ మాట్లాడనప్పుడు కూడా ప్రతి గదికీ ఒక హోరు ఉంటుంది, అదే రూమ్ టోన్. సీను ఫర్వాలేదనిపించింది. అంతకుమించి ఏమీ లేదు.

పదిరోజులు గడిచాయి. ఒకరోజు పొద్దున పదకొండింటికి రిసెప్షన్ నుంచి ఫోను. బాబూలాల్ మెట్రోలో వచ్చి కూర్చున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని.

"ఉందా అది?"

"లేదు. చెరిపేశాను."

"ఎలా నమ్మను?"

"నమ్మమని అడిగే ముఖం నాకు లేదు."

ఆయన కుర్చీలోంచి లేచాడు. "నువ్వు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. దారంతా అదే ఆలోచిస్తూ వచ్చాను. ఆ సీను పెట్టు."

పెట్టాను. కిరణ్ కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. సీను అయ్యాక బాబూలాల్ అడిగాడు, "ఆ అమ్మ వెనక్కి తిరిగి చూడదా?"

"చూడదు" అన్నాడు కిరణ్.

"నేనూ చూడలేదు" అంటూ లేచాడు. "మంగళ్‌ది ఇవ్వను. ఈ గోపికి మాత్రం ఒకటి చేసి ఇస్తాను. ఇప్పుడు పెట్టు మైకు."

నేను "రికార్డింగ్ మొదలైంది" అని పైకి చెప్పాను. ఆయన కళ్లు మూసుకోలేదు, తెర మీది ముఖాన్నే చూస్తూ నిలబడ్డాడు. ముందు కువకువ మొదలైంది, వసుధను చూసినప్పుడల్లా గోపి చేసేది. అది మధ్యలో ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించింది. మూడోసారికి ఊపిరి మిగిలింది గానీ గొంతు రాలేదు. అంతే. అరుపు లేదు. ఇన్నాళ్లూ ఆమె కోసం చేసిన చప్పుడును ఆ ప్రాణి ఇక చెయ్యలేకపోతోంది. ఒకే టేక్. నేను దొంగిలించినదానికన్నా గొప్పది. దానిలో ఒకరి దుఃఖం ఉంది. దీనిలో ఆ దుఃఖం తెలిసిన కళాకారుడున్నాడు. అద్దం ఇవతల కిరణ్ నా కుర్చీ వీపు పట్టుకుని నిలబడిపోయాడు.

స్టాప్ నొక్కాను. నొక్కినట్టు ఆయనకెలా తెలుస్తుంది? బూత్‌లోకి వెళ్లి మైకు తీగ ఊడదీసి ఆయన చేతికిచ్చాను.

ఆయన తీగ కొసను చూసుకున్నాడు. తర్వాత తల వంచి ఛాతీలోంచి ఒక చిన్న శబ్దం చేశాడు. మెత్తగా, రెండు విడతలుగా.

"ఏమిటది?" అన్నాను.

"జవాబు. వాడు పిలిచినప్పుడు ఎప్పుడూ ఇదే చెప్పేవాణ్ణి. ఆ రోజు చెప్పలేదు. చెబితే వాడు తలుపు విరగ్గొట్టుకునైనా వచ్చేవాడు."

బయటికొచ్చాక కిరణ్ ఆత్రంగా అడిగాడు, "చివర్లో ఏదో చేశాడు కదా ఆయన, ఏంటండీ అది?"

"సినిమాకి కాదు" అన్నాను. అతను మళ్లీ అడగలేదు. టైటిల్స్‌లో 'గోపి గొంతు: బాబూలాల్' అని విడిగా ఒక కార్డు వేయించాడు.

ఇప్పుడు నా దగ్గరకు ఎవరు గొంతు ఇవ్వడానికి వచ్చినా ముందు మైకు తీగ ఎలా ఊడదీయాలో చూపిస్తాను. మాట్లాడుకోవాలనుకున్నప్పుడు మీరే తీసేయండి, నన్నడగక్కర్లేదు అంటాను. కొత్తగా చేరినవాళ్లు నవ్వుకుంటారు. శబ్దం దొరికితే వదలకూడదని ఈ వృత్తిలో అందరూ నేర్పుతారు, నాకూ అలాగే నేర్పారు. బాబూలాల్ చెప్పిన ఆ జవాబు ఎలా ఉంటుందని అడిగితే నేను వినిపించలేను. అనుకరించి చూపించనూ లేను. ఒక్కసారి విన్నాను, అంతే.