నెలల్లేని వేవిళ్లు

భిలాయి సెక్టర్ సిక్స్‌లో ఏ తెలుగువాళ్లింట పేరంటమైనా సత్యలక్ష్మి చెయ్యి పడాల్సిందే. మొగుడు తాతబ్బాయి స్టీలు ప్లాంటు నుంచి షిఫ్టు దిగి వచ్చి చెప్పులైనా విప్పకముందే, పిండివంటల గిన్నెతో సైకిలు వెనక ఎక్కి కూర్చునేది. "పదండి, వచ్చి పడుకుందురుగాని" అనేది. ఇంట్లో కాలు నిలిచే మనిషి కాదు.

అలాంటి మనిషికి నిరుడు వానల్లో జ్వరమొచ్చింది. జ్వరం పోయింది, వికారం ఉండిపోయింది. ఫ్యాను తిరిగితే కడుపులో తిప్పుతుంది. పక్కవాళ్లు ఫోనులో బొమ్మలు జరుపుతుంటే అది చూసి, వాంతికి ముందులా నోట్లో నీళ్లూరతాయి. ఆటో ఎక్కితే మొదటి మలుపులోనే డోకు. చెవి డాక్టరూ కడుపు డాక్టరూ పరీక్షలు చేయించి అన్నీ బాగున్నాయన్నారు. వైరస్ జ్వరాల తర్వాత కొందరికి ఇలా అవుతుందనీ, ఎందుకో తనకూ తెలియదనీ ఒక్క డాక్టరమ్మ మాత్రం ఒప్పుకుంది. సత్యలక్ష్మి ఆవిడకి దణ్ణం పెట్టింది.

కూతురు శ్రీవిద్య ఊరికి ఆ చివర భిలాయి-3లో అత్తవారి రైల్వే క్వార్టర్లో ఉంటుంది. "రిపోర్టులన్నీ నార్మలే కదమ్మా. నువ్వు టెన్షన్ ఎక్కువ తీసుకుంటున్నావు, బస్, అంతే" అంది ఫోన్లో. అబద్ధమాడుతున్నావని అనలేదు గానీ తల్లి చెవికి అలాగే వినపడింది. ఆ తర్వాత ఒంట్లో సంగతి కూతురికి చెప్పడం మానేసింది.

ఇప్పుడు శ్రీవిద్యకి ఐదో నెల. కడుపుతో ఉన్న కూతురి అత్తింటికి వెళ్లి, ఆమె ఒళ్లో తల్లి తన చేత్తో చలిమిడి పెట్టాలి, కడుపు చల్లగా ఉండాలని. బెల్లప్పాకం వాసనకి రెండు మూడుసార్లు గుమ్మంలోకి పరిగెత్తుతూనే సత్యలక్ష్మి చలిమిడి చేసింది.

"అల్లుడు కారు పంపుతానంటన్నాడు" అన్నాడు తాతబ్బాయి.

"వొద్దు. ఆ పిల్లాడి కారు పాడుచేసీగలను."

"సైకిలెక్కు అయితే. నడిపించుకుంటూ తీసుకెళ్తాను."

"మనం చేరేసరికి పిల్లకి పురుడొచ్చీగలదు."

అన్నదే గాని ఎక్కింది. సెక్టరు మలుపు దాటకుండానే రోడ్డు కిందనుంచి జారిపోతున్నట్టయింది. దిగి, కల్వర్టు గట్టు మీద కూలబడి, మోకాళ్లలో తల పెట్టుకుంది. గిన్నె మాత్రం వదల్లేదు.

"నాకిచ్చీ, నేనిచ్చి వస్తాను."

"మీరిస్తే అది ఉత్త తీపే అవుతాది."

జబ్బు మొదలయ్యాక ఆవిడ ఏడవగా తాతబ్బాయి చూడలేదు. ఆ రోజు చూశాడు. ఇంటికి చేర్చాక పెరట్లోకెళ్లి కూతురికి ఫోను చేసి, దాచిందంతా చెప్పేశాడు.

సాయంత్రానికి శ్రీవిద్య దిగింది. ఆటో దిగడమే కాలవ దగ్గర వంగి వాంతి చేసుకుంది. నాలుగో నెలకే పోతాయన్న వేవిళ్లు ఆమెకింకా పోలేదు. లోపలికొచ్చి తల్లి పక్కనే గోడకి జారగిలబడింది. సత్యలక్ష్మి ఫ్యాను కట్టేసింది.

"కళ్లు మూసుకోకు, ఇంకా తిప్పుతాది. ఆ తలుపు గడియ చూడు. అది కదల్దు."

ఇద్దరూ గడియ కేసి చూస్తూ కూర్చున్నారు.

"రోజూ ఇలగే ఉంటాదా అమ్మా నీకు?"

"ఊఁ."

"మొన్న మా అత్తగారు, 'మేమూ కన్నాం, ఇంత చెయ్యలేదు' అన్నారు. నాకు నువ్వు గుర్తొచ్చావు. ఫోన్ చేద్దామంటే మొహం చెల్లలేదు."

సత్యలక్ష్మి కూతురి మెడ మీద చెమట కొంగుతో తుడిచింది.

"నావి ఇవాళో రేపో పోతాయంటున్నారు. నీవి?"

"నావాటికి నెలల్లేవు తల్లీ."

శ్రీవిద్య తల్లి భుజం మీద తల పెట్టబోయి, కదిపితే ఏమవుతుందోనని ఆగి, చెయ్యి పట్టుకుంది.

"చలిమిడి మీ ఇంటికి తేవాలే. నేను రాలేకపోయాను."

"నేనొచ్చాను కదా. పెట్టు."

తల్లి కూర్చున్నచోటునుంచే, తల తిప్పకుండా, తడుముకుని గిన్నె అందుకుంది. కూతురు చున్నీ ఒడి పట్టింది.

పాల ప్యాకెట్లు పట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చిన తాతబ్బాయి ఫ్యాను స్విచ్ మీద చెయ్యి వేయబోయాడు.

"వొద్దు" అన్నారిద్దరూ, గడియ మీద చూపు తిప్పకుండానే.