ఎడమచేతి లెక్క

“పాప చెయ్యి జారితే రెండు సెకన్లలో రోడ్డు మీదుంటుంది, అక్కా. రెండే సెకన్లు.”

ఆ మాట నేను ఆఫీసులో, కంప్యూటరు ముందు కూర్చుని అన్నాను. తెర మీద చుక్కలు ఫుట్‌పాత్ వెంట కదులుతున్నాయి. ఒక్కో చుక్క ఒక మనిషి. ఏ వీధిలో ఎందరు నడుస్తారో, ఎక్కడ కిక్కిరిసిపోతారో ముందే లెక్కగట్టడం నా పని. ఆ రోజు చేతిలో ఉన్నది పిల్లల ఆసుపత్రి ముందున్న ఫుట్‌పాత్. బళ్ళు నిలపడానికి అందులోంచి ఒక మీటరు కోసెయ్యొచ్చా అని అడిగారు. దగ్గు తగ్గని మా మూడేళ్ళ పాపను తీసుకుని నేనూ ఆ దారినే వెళ్తుంటాను.

“ఆ చుక్కల్లో పిల్లలున్నారా?” అంది గేటక్క.

“లేరు. అందరూ ఒకే సైజు.”

“అదృష్టవంతులు. ఏడవరు, ఆగరు, చెప్పు తెగదు.”

గేటక్క మాకు మనుషుల్ని లెక్కపెట్టి తెచ్చే మనిషి. సినిమా హాలు గేటు దగ్గర పదకొండేళ్ళు టిక్కెట్లు చింపింది. ఆ పేరు అక్కడిదే. హాలు మూతపడ్డాక ఇక్కడ చేరింది. ఫుట్‌పాత్‌కు అడ్డంగా సుద్దగీత గీసి, మడత కుర్చీలో కూర్చుని, గీత దాటిన ప్రతి మనిషికీ చేతిలోని మీట నొక్కుతుంది. ఇంట్లో టీవీ చూస్తున్నా బొటనవేలు ఆడుతూనే ఉంటుందని కోడలు ఆటపట్టిస్తుందట.

ఆవిడ తెచ్చిన అంకె పావుగంటకు రెండువందల పన్నెండు. మీటరు కోసినా సరిపోతుందని తెర చెప్పింది. కాగితం అంచున పెన్సిలుతో ఇంకో అంకె ఉంది: తొంభై ఏడు.

“ఇదేంటక్కా?”

“ఎడమచేతి లెక్క. ఆ చేతిలో ఇంకో మీట పట్టుకున్నా. కరెంటు పెట్టె అడ్డమొచ్చి రోడ్డు మీదికి దిగి పోయినవాళ్ళు. గీత దాటలేదుగా మరి.”

“ఫారంలో దానికి గడి లేదు.”

“గడి లేదని వాళ్ళు గాల్లో నడుస్తున్నారా?”

పెద్దసారుకు చెప్పాను. ఫారంలో లేనిది చెల్లదన్నారు. రిపోర్టు మర్నాడు సాయంత్రానికి పంపాలి.

మర్నాడు పొద్దున పాపను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. గేటక్క రెండోరోజు లెక్కకు అక్కడే కూర్చుని ఉంది. సరిగ్గా కరెంటు పెట్టె దగ్గర పాప బూటు ఊడింది. అక్కడే చతికిలబడింది. వెనకనుంచి ఎవరిదో సంచి నా వీపుకు తగిలింది, ఎదురుగా చక్రాల కుర్చీ వస్తోంది. ఏం తోచక పాపను లాక్కుని రోడ్డు మీదికి దిగాను. హారన్ మోగింది. లారీ అద్దం నా భుజానికి జానెడు దూరంలోంచి పోయింది.

గేటక్క అప్పటికే పరుగెత్తుకొచ్చింది. మమ్మల్ని పైకి లాగాక, ఎడమచేతి మీట రెండుసార్లు నొక్కింది.

“ఇద్దరు,” అంది. “ఏంటమ్మాయ్, ఇంత చదువుకుని. భయమేస్తే కాళ్ళు ఖాళీ కనిపించిన వైపు పోతాయి. ఖాళీ ఎప్పుడూ రోడ్డు మీదే కనిపిస్తుంది. ముందు గోడ పక్కకు జరుగు. ఆ తర్వాత తీరిగ్గా భయపడొచ్చు.”

మధ్యాహ్నం తెర మీద కరెంటు పెట్టెను గీశాను. చుక్కలకు రోడ్డు మీదికి దిగే వీలిచ్చాను. దాదాపు మూడోవంతు దిగిపోయాయి. దానికి గేటక్క పెన్సిలు కాగితం జతచేసి పెద్దసారు ముందు పెట్టాను. ఆయన పెన్ను మూత చాలాసేపు తీస్తూ పెడుతూ కూర్చుని, చివరికి సంతకం పెట్టారు.

మీటరు కొయ్యలేదు. పెట్టె మాత్రం ఇంకా అక్కడే ఉంది. పాప బూటూ ఊడుతూనే ఉంది. ఊడినప్పుడల్లా పాపను ఎత్తుకుని ముందు గోడ పక్కకు జరుగుతాను. వీపుకు గోడ తగిలాకే భయపడతాను.