తలుపు బయట ముప్పావుగంట

మా చిన్న చెల్లెలు నిన్న “బతకాలని లేదక్కా” అన్నది. ఊర్లో చూపిస్తే నలుగురికీ తెలుస్తుందని దాని భయం. అందుకని ఈ రోజు ఆదోని నుంచే హైదరాబాదులోని కౌన్సెలర్లకు ఫోన్ చేశాను. నాలుగో చోట ఒకామె దొరికింది. మా ఇంట్లో డాక్టరు దగ్గరైనా పెళ్ళిచూపుల్లోనైనా అందరి తరఫునా మాట్లాడేది నేనే. ఇప్పుడూ అలాగే మొదలుపెట్టాను.

“మీరు కాదమ్మా, ఆమెను మాట్లాడనివ్వండి,” అన్నదామె.

“దానికి సెప్పనీకి రాదమ్మా. నేను పెద్దదాన్ని.”

చెల్లెలు ఫోను లాక్కుంది. “నువ్వు బయటికి పోక్కా. ఈడ నువ్వుంటే నేనేం సెప్పేది?”

తలుపు వేసుకుంది. బయట జపం చేసుకుంటూ కూర్చున్నాను గానీ, చెవి తలుపు మీదే ఉంది. ముప్పావుగంటకు వచ్చి, “సోమవారం మళ్ళీ మాట్లాడల్లంట. మాట్లాడతా,” అన్నది.

లోపల ఏం చెప్పిందో అడగలేదు. ఇంటికి పెద్దలైనవాళ్ళు చెప్పండి, మీరైతే అడగకుండా ఉండగలరా?