మొదట వాడి పేరే తీయించాను

మా వాడలో ఆడవాళ్ల వేళ్లు మిషన్‌కు పడవు. ఇది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు, అందుకే ముందు ఇదే చెబుతున్నాను. మావి చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన చేతులు. తునికాకు తడిపి, కత్తెరతో కోసి, తంబాకు పోసి, చుట్టి, కొస ముడిచి, మళ్లీ ఇంకో ఆకు. పొద్దంతా ఇదే పనైతే వేళ్ల మీద గీతలు ఎక్కడుంటాయి? రేషన్ దుకాణంలో మా అవ్వ, అంటే మా అమ్మ, బొటనవేలు పెడితే ఎర్ర లైటు. కొంగుకు తుడుచుకుని పెడితే ఎర్ర లైటు. తలకు రాసుకున్న కొబ్బరినూనె కాస్త వేలికి అంటించి పెట్టినా అదే ఎర్ర లైటు. వెనక లైన్లో ఉన్నవాళ్లు గొణిగేవాళ్లు.

వేలు పడనివాళ్లకు ఫోన్‌కు నంబర్ వస్తుంది కదా, ఆ ఓటీపీతోనే మా వాడ బతుకుతోంది. పింఛన్‌కైనా, రేషన్ కార్డుకైనా, గ్యాస్‌కైనా అదే. మా ఆడవాళ్లకు ఆ నంబర్ ఎక్కడొస్తుందో తెలియదు, చదవడానికి కళ్లద్దాలు ఉండవు. అందుకని ఫోన్‌నే తీసుకెళ్లి టేకేదారు చేతిలో పెట్టేవాళ్లు. టేకేదారు అంటే బీడీ కంపెనీ తరఫున మాకు ఆకు, తంబాకు ఇచ్చి, చుట్టిన బీడీలు తీసుకునేవాడు. ఆయన కూర్చునే గదిని ఖార్ఖానా అంటాం. సాయంత్రం చాటలో బీడీ కట్టలు, వాటి మీద ఫోన్. కట్టలు చూసి లెక్క రాసుకునేవాడు, ఫోన్ చూసి ఏదో నొక్కేవాడు, రెండూ తిరిగి ఇచ్చేవాడు. ఏం నొక్కాడని అడిగినవాళ్లు లేరు. నేనూ అడగలేదు. నేను పదో తరగతి దాకా చదివాను, నాకు చదవడం వచ్చు. అయినా అడగలేదు. ఆ మంట ఇప్పటికీ ఉంది.

నన్ను కాగజ్‌నగర్‌కు ఇచ్చారు. రెండేళ్లు ఉండి తిరిగొచ్చేశాను. ఎందుకొచ్చానో ఇక్కడ రాయను, అది నాకూ ఆ ఇంటికీ మధ్య ఉన్న సంగతి. ఓటు మాత్రం మా ఊళ్లోనే ఉంది. అత్తగారింట్లో ఎక్కించుకుందామన్నారు, నేనే వాయిదా వేస్తూ వచ్చాను. ఆ ఒక్క పనీ తెలివిగా చేశాననుకున్నాను.

పంచాయతీ ఎలక్షన్లు వస్తున్నాయని, మా వార్డు ఆడవాళ్లకు వచ్చిందని తెలిసిన వారం ఖార్ఖానాలో ఇదే ముచ్చట. టేకేదారు భార్యే నిలబడుతుందని, ఎదురు ఎవరూ ఉండరని అందరూ తేల్చేశారు. ఆవిడ మంచిదే, నోరు విప్పి మాట్లాడగా నేను వినలేదు. ఊళ్లో అత్త దగ్గర ఉంటుంది. ఆయన పిల్లల బడి కోసం కరీంనగర్‌లో ఇల్లు కట్టి, పిల్లలతో అక్కడ ఉంటూ, పొద్దున్నే బండి మీద ఊరికి వచ్చేవాడు. గెలిస్తే పేరుకు వార్డు మెంబర్ ఆమె, పని ఆయనది. అందరికీ తెలుసు.

నాకు నోరు ఆగదు. బీడీలు చుట్టేవాళ్ల వార్డుకు బీడీలు చుట్టేది నిలబడితే తప్పేంటన్నాను. ఎవరు నిలబడతారే అని నవ్వారు. నేనే అన్నాను. ఆ మాట అనేదాకా నాకే తెలియదు, అనగానే ఒళ్లంతా వేడెక్కింది, నిజంగానే నిలబడాలనిపించింది. టేకేదారు కట్టలు చూస్తూనే తల ఎత్తకుండా అన్నాడు.

"నిలబడు చెల్లె. ఎవరొద్దన్నరు? లిస్టుల పేరుండాలె, గంతే."

అందరితోపాటు నేనూ నవ్వాను.

కొన్నాళ్లకు పంచాయతీ ఆఫీసు గోడకు లిస్టు అంటించారు. ఆదివారం చర్చి అయ్యాక తెల్ల చీరతోనే వెళ్లి చూశాను. అవ్వ పేరు ఉంది. దాని కింద ఉండాల్సిన నా పేరు లేదు. పైనుంచి కిందికి, కింది నుంచి పైకి వేలు పెట్టి చూశాను. వెనక పేజీల్లో కొట్టేసిన పేర్లు ఉన్నాయి. చనిపోయిన ఇద్దరు ముసలివాళ్ల మధ్య నా పేరు ఉంది.

ఓట్ల లిస్టు చూసేది మా అంగన్‌వాడీ టీచరే. ఆమె ఇంటికి పరుగెత్తాను. ఆమె ఫోన్ తీసి చూపించింది. పెళ్లయి ఊరు విడిచి శాశ్వతంగా వెళ్లిపోయిందని ఎవరో ఆన్‌లైన్‌లో ఫారం పెట్టారు, ఆధార్ ఓటీపీతో సంతకం కూడా అయింది. నోటీసు కాగజ్‌నగర్ అడ్రసుకు పోయి వెనక్కి వచ్చిందట. ఎవరు పెట్టారని అడిగితే ఆమె నా మొహం చూడలేకపోయింది.

ఫారంలో ఉన్నది మా అవ్వ పేరు.

ఇంటికి వెళ్లాక అవ్వను ఎన్ని మాటలన్నానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నేను తిరిగొచ్చి గుండెల మీద కూర్చున్నాననా, నన్ను పంపించేయాలనా అని అరిచాను. అవ్వ అన్నం వండుతోంది. గరిటె పట్టుకునే నిలబడింది. నేను అలసిపోయాక మెల్లగా అంది.

"నాకు సంతకమే రాదు గదనే బిడ్డా. నేనేడ పెడత?"

అప్పుడు ఫోన్ లాక్కుని మెసేజ్‌లు చూశాను. అవ్వ ఎప్పుడూ తెరవని మెసేజ్‌లు, రీచార్జివి, లోన్ ఇస్తామన్నవి, వాటి మధ్య ఓటీపీ. ఎలక్షన్ ఫారం సంతకానికని, ఎవరికీ చెప్పొద్దని ఇంగ్లీషులో రాసి ఉంది. అది వచ్చింది నేను ఖార్ఖానాలో ఆ మాటన్న వారంలోనే, సాయంత్రం, బీడీలు అప్పజెప్పే వేళకు. ఆ రోజు ఫోన్ ఎందుకిచ్చావని అడిగితే, రేషన్ కార్డుకు ఈకేవైసీ చేస్తానన్నాడని చెప్పింది. అన్నం మాడింది. అవ్వ దించలేదు. నా కూతురి పేరు నా చేత్తోనే కొట్టేయించిండా అని ఒక్కసారే అడిగింది, మళ్లీ ఎత్తలేదు.

ఆ రాత్రే కోపం వేరే రూపంలోకి మారింది. అంతకుముందు నాకు ఓటు కావాలి, నిలబడాలి. ఆ తర్వాత నాకు వాడు కావాలి. ఇక్కడి నుంచి వాడు అనే రాస్తాను.

టీచర్‌కు కాగితం మీద ఫారం రాసిచ్చాను, నా పేరు మళ్లీ ఎక్కించమని. ఆమె పై ఆఫీసులో ఇచ్చింది. అక్కడ అది దొరకడం లేదన్నారు. ఎవరు మాయం చేశారో తెలియదు, తెలియనిది రాయను. ఆన్‌లైన్‌లో పెట్టుకో, అది పోదు అని టీచరే చెప్పింది. రోజులు తక్కువ ఉన్నాయి.

ఇంతలో బీడీలు చుట్టుకుంటూ, ఎడమ మోకాలి పక్కన ఫోన్ పెట్టుకుని, కరీంనగర్ లిస్టులు తెరవడం మొదలుపెట్టాను. అవి అందరికీ కనిపిస్తాయి, చూసే ఓపిక ఉండాలి అంతే. వాడు ఇల్లు కట్టిన కాలనీ పేరు తెలుసు, వాడి తండ్రి పేరు తెలుసు. మూడు రోజులు పట్టింది. నా కట్టలు తగ్గాయని అవ్వ తిట్టింది. మూడో రోజు మధ్యాహ్నం దొరికాడు. కరీంనగర్‌లో ఒక ఓటు, మా ఊళ్లో ఒక ఓటు. రెండుచోట్లా తండ్రి పేరు ఒకటే, వయసు ఒకటే. చాట పక్కకు పెట్టి లేచి నిలబడ్డాను. నవ్వు వచ్చిందని చెప్పలేను, ఆకలేసింది. రెండుసార్లు అన్నం తిన్నాను.

ఫారాలకు ఆఖరి రోజు అవ్వనూ నన్నూ బస్సు మండలంలో దింపేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడ ఆన్‌లైన్ సెంటర్ నడిపేది ఒక ముస్లిం అక్క, అందరూ ఆపా అంటారు. వాళ్లాయనది చెప్పుల దుకాణం, పక్క గదిలో ఈమె కంప్యూటర్. ఆ రోజు గది నిండా మనుషులు. సర్వర్ వస్తోంది, పోతోంది. మా వంతు వచ్చేసరికి సాయంత్రమైంది. ఆపాకు రెండు పనులు చెప్పాను. నా పేరు ఎక్కించాలి, దానికి నా ఓటీపీ. వాడి పేరు తీయించాలి, ఊళ్లో ఓటున్నవాళ్లే అడగాలి కాబట్టి దానికి అవ్వ ఓటీపీ. ఆపా రెండు కాగితాలూ చూసి, గడియారం చూసి అంది.

"రెండు అయితయో లేదో నాకు నమ్మకం లేదు. ముందు ఎవరిది పెట్టాలె? జర జల్ది చెప్పు."

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "నీదే పెట్టుమను. వాని సంగతి దేవుడు చూస్తడు."

నాకు ఆలోచించాలని కూడా అనిపించలేదు. చాలామంది తర్వాత అడిగారు, తొందరలో అన్నావా, కోపంలో అన్నావా అని. కాదు. బాగా తెలిసే అన్నాను.

"ముందు వానిది తియ్యి ఆపా."

ఆపా నా మొహంలోకి ఒకసారి చూసి, టైపు కొట్టడం మొదలుపెట్టింది. రెండు లిస్టుల పేజీలూ ఎక్కించింది. అవ్వ ఫోన్ మోగింది. ఈసారి ఫోన్ ఎవరి చేతికీ ఇవ్వలేదు. నేను అవ్వ పక్కన కూర్చుని, ఇది దేనికొచ్చిందో, చెబితే ఏమవుతుందో తెలుగులో చెప్పాను. అవ్వకు అంకెలు వచ్చు, బస్సు నంబర్లు చదువుతుంది. ఒక్కో అంకె కళ్లకు దగ్గరగా పెట్టుకుని తనే చదివింది. వాడి పేరు తీయమన్న ఫారం చేరింది. నాది తెరవగానే తెర మీద తెల్లటి చక్రం తిరగడం మొదలైంది. చీకటి పడేదాకా తిరిగింది. ఆపా పాపం టీ తెప్పించింది. చక్రం ఆగలేదు. ఆఖరి రోజు అయిపోయింది.

బస్సు దిగేటప్పుడు అవ్వ, నీకు నీ మీదికంటే వాని మీదనే ఎక్కువ ప్రేమున్నట్టుంది అంది.

వాడికి నోటీసు అందిన రోజు నుంచి అవ్వ బీడీలు వాడికి బాగాలేకుండా పోయాయి. ఇన్నేళ్లు బాగున్న బీడీలు. సగం కట్టలు పక్కన పడేసేవాడు, నోటితో ఏమీ అనేవాడు కాదు. అవ్వ వాటిని చాటలో వేసుకుని ఇంటికి తెచ్చి, మూలన పోసేది. ఆ ఫారం వెనక్కి తీసుకుందామా అని అవ్వ ఒక్కసారి అడిగింది, నేను వద్దన్నాను. ఆ వారాల్లో తన పని నష్టపోయింది అవ్వ, పంతం నాది. ఇందులో నేను గొప్పగా చెప్పుకునేది ఏమీ లేదు.

విచారణకు తహసీల్ ఆఫీసుకు పిలిచారు. అవ్వ వెంట నేనూ పోయాను. వాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పుట్టింది పెరిగింది ఈ ఊళ్లోనేనని, ఆడవాళ్లకు ఎన్నో పనులు చేసిపెట్టానని, ఎవరో ఈ అక్కను ఎగదోశారని మెత్తగా చెప్పాడు. విచారణ చేసే సారు అంతా విని ఆధార్ చూపించమన్నాడు. వాడు ఇవ్వబోయి ఆగాడు. ఆగడం నేను చూశాను. కొత్త ఇంటికి గ్యాస్ కనెక్షన్ కోసం ఆధార్‌లో అడ్రసు కరీంనగర్‌కు మార్చుకున్నాడు. అందరి ఆధార్‌లూ నొక్కినవాడు తనది మరిచిపోయాడు. రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటావని సారు అడిగాడు. గది బయట మా వాడ ఆడవాళ్లు ఇద్దరు ఉన్నారు, అబద్ధమాడితే వింటారు. వాడు గోడకేసి చూస్తూ కరీంనగర్ అన్నాడు. ఊరి లిస్టులో పేరు పోయింది.

దాంతో వాడికి ఓటొక్కటే పోతే నాకు ఇంత తృప్తి ఉండేది కాదు. ప్రతి ఎలక్షన్‌కూ వాడు బడిలో, పోలింగ్ గదిలో ఏజెంటుగా కూర్చునేవాడు. లిస్టు ముందు పెట్టుకుని, వచ్చినవాళ్లకు టిక్కు పెట్టేవాడు, రానివాళ్ల ఇళ్లకు మనిషిని పంపేవాడు. వాడి ముందు నుంచి నడిచి బటన్ నొక్కాలన్నా, ముద్ర వేయాలన్నా మా ఆడవాళ్లు భయపడేవాళ్లు. లిస్టులో పేరు లేనివాడు ఏజెంటుగా కూర్చోకూడదు. ఆ కుర్చీ పోయింది.

పోలింగ్ రోజు బడి గేటుకు దూరంగా సున్నంతో గీత గీశారు. పొద్దున్నే నేను పోయి గీతకు ఇవతల నిలబడ్డాను. కాసేపటికి వాడొచ్చాడు. వాడికీ గీత దాటే పని లేదు. ఇద్దరం రోడ్డుకు చెరోవైపు. మా అవ్వ లోపలికి పోయి, వేలికి సిరా గుర్తుతో బయటికి వచ్చింది. ఎప్పటిలాగే వాడు నవ్వుతూ అడిగాడు, అలవాటు ఎక్కడ పోతుంది.

"ఎవరికేసినవ్ అక్కా?"

"లిస్టుల ఉన్నోళ్లకు చెప్త తమ్మీ" అంది అవ్వ. వెనక వస్తున్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మధ్యాహ్నానికి పోలింగ్ ఆపి, లోపలే ఓట్లు లెక్కపెట్టారు. వాడు గేటు ఊచలు పట్టుకుని, లోపలి నుంచి వచ్చిన ప్రతివాడినీ ఏమైందని అడుగుతున్నాడు. పోటీకి చివరికి ఇంకొకామె నిలబడింది, ఆమె ఓడిపోయింది. వాడి భార్యే గెలిచింది. నేను నిలబడి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు, రోజూ అనుకుంటాను. దండ వేయడానికి ఆమెను లోపలే నిలబెట్టారు. వాడు బయటే ఉన్నాడు. అప్పుడు రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చాడు.

"గెలిచినం గదా. నీకేమచ్చిందే దీంతోని?"

"నువ్విక్కడ నిలబడ్డవ్ గదన్నా. గదే అచ్చింది."

వాడు పోయి మళ్లీ తన వైపు నిలబడ్డాడు. అవ్వ ఇంటికి రమ్మని రెండుసార్లు కేకేసింది, పొద్దుటి నుంచి నేనేమీ తినలేదని. ఎండ వీపు మీద కొడుతోంది. లోపల డప్పులు మొదలయ్యాయి. నేను కదల్లేదు. వాడు బండెక్కి కరీంనగర్ తోవ పట్టేదాకా అక్కడే నిలబడి చూశాను.