చేప పడితే పట్టేసే నడుము

మా మామయ్యకు నడుము నొప్పి. గాలానికి పెద్ద చేప పడ్డప్పుడు మాత్రమే వస్తుంది.

సరదాపడేవాళ్లను నడిసముద్రానికి తీసుకెళ్లి, నడుస్తున్న పడవ వెనక నాలుగు గాలాలు ఈడుస్తూ చేపలు పట్టించడం ఆయన పని. పదేళ్లుగా చుక్కాని నాది. తెల్లారి డీజిలు డబ్బాలు రెండు చేతులా మోసుకొస్తాడు, లంగరు ఒక్కడే లాగుతాడు. అదే చేప తగిలి, గాలం తాడు చుట్టిన రీలు కీచుమందా, "అమ్మో, నడుము పట్టేసిందర్రోయ్! ఎవరైనా గాలం అందుకోండి!" అని చతికిలబడతాడు. ఒకసారి బ్యాంకు గుమాస్తా అందుకున్నాడు, ఒకసారి కొత్త పెళ్లికూతురు, ఒకసారి అలలు చూస్తేనే వాంతి చేసుకునే లెక్కల మాస్టారు. రేవంతా నవ్వేది. నాకు తల కొట్టేసినట్టుండేది.

"డాక్టరుకి చూపించుకో మామయ్యా."

"చూపించాన్రా. సముద్రపు గాలి మంచిదన్నాడు."

ఆ ఏడాది మా రేవులో జరిగిన పెద్ద చేపల పోటీకి అత్తయ్య కూడా పడవెక్కింది, ఊరికే చూడ్డానికి. ఒకప్పుడు గాలం పట్టడంలో రేవు మొత్తానికీ ఆమే మొనగత్తె. మెట్ల మీద జారి కుడిచెయ్యి విరిగింది. కట్టు విప్పి ఆర్నెల్లయింది, చెయ్యి భేషుగ్గా ఉందని డాక్టరు కూడా చెప్పాడు. అయినా, "ఈ చెయ్యి ఇక గరిటెకే" అని గాలం ముట్టడం మానేసింది.

మధ్యాహ్నం రీలు కీచుమంది. పడింది వాహూ అనే చేప! వంజరానికి పెద్దన్న, నోటినిండా కత్తుల్లాంటి పళ్లు.

"అమ్మో, నడుము!" మామయ్య కూలబడ్డాడు.

"నేనొస్తున్నా!"

"చుక్కాని వదిలావో, చంపేస్తా! పడవ ఆగితే గాలం వదులై చేప జారిపోద్ది!"

"మరి పట్టేదెవరు? ఉన్నది మనం ముగ్గురమేగా!"

"మీ నడుం మండ!" అంటూ అత్తయ్యే అందుకుంది.

అరగంట పెనుగులాట. చేప లాగినప్పుడల్లా అత్తయ్య మామయ్యను తిట్టింది. చేప అలిసిపోయింది గానీ తిట్లు అలవలేదు. చివరికి మామయ్య లేవకుండానే చుక్కాని అందుకుంటే, నేను కొక్కెం వేసి చేపను పడవలోకి లాగాను.

రేవు చేరేసరికి పోటీ తూకం మూసేయడానికి పది నిమిషాలే ఉన్నాయి. మామయ్య ఆ చేపను అమాంతం భుజానేసుకుని పరుగో పరుగు. "తప్పుకోండర్రా! మా ఆవిడ పట్టింది! కుడిచేత్తో!"

ముప్పై నాలుగు కిలోలు. మొదటి బహుమతి! రేవంతా ఈలలు.

అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకి. ఈ పదేళ్లలో ఆ పడవెక్కినవాళ్లంతా పెద్ద చేపతో ఫోటో దిగారు. మామయ్యకు మాత్రం ఒక్క ఫోటో లేదు.

"అత్తయ్యా, మామయ్య నడుము..."

"పాతికేళ్ల కాపురంరా, నాకు తెలీదూ?" అత్తయ్య కుడిచేతి పిడికిలి బిగించి చూసుకుని, పకపకా నవ్వింది. "ఆయనతో మాత్రం అనకు, పాపం బాగా నటిస్తున్నాననుకుంటున్నాడు. అది సరే, రేపు ఎన్నింటికి బయల్దేరదాం?"