చెరువు మీద రెండో కాపీ

ఆ ఆదివారం మధ్యాహ్నం మూడుంబావుకి మా ఏలూరు ఇంట్లో కంప్యూటర్ టక్కుమని ఒక చప్పుడు చేసి ఆగిపోయింది. ఎదురుగా కుర్చీలో మావయ్య ఉన్నారు. చేతిలో మౌసు. తెర మీద ఆయన చేపలు అప్పుడే మేత కోసం పైకి వస్తున్నాయి. "ఏరా అల్లుడూ, కరెంటు పోయిందా?" అన్నారు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఆ రోజుల్లో ఇంటర్నెట్లో ఆట కొనడమంటే మా వీధిలో ఎవరికీ అర్థమయ్యే సంగతి కాదు. పెట్టె రాదు, పుస్తకం రాదు. ఫోను లైనులోంచి నెమ్మదిగా దిగిన ఒక ఫైలు, దానికో నంబరు, అంతే. ("డబ్బులిచ్చి గాలి కొన్నాడు" అని అమ్మ పక్కింటావిడతో చెప్పేది.) నేను అప్పుడే తాడేపల్లిగూడెంలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పే పనిలో చేరాను. ఆట చిన్నది, గాజుతొట్టిలో చేపల్ని పెంచడం. కొన్నది నేనే అయినా అది త్వరలోనే మావయ్యది అయిపోయింది. మావయ్య అంటే అమ్మ తమ్ముడు, కొల్లేటి పక్క ఊళ్ళో చేపల చెరువు ఆయనకి. వారమంతా చేపలతో గడిపి, ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి మా ఇంటికొచ్చి మళ్ళీ చేపలకే మేత వేసేవారు. "ఇలా పైనుంచి చల్లితే సగం వృథారా. మేత సంచికి చిల్లులు పెట్టి నీళ్ళలో కట్టే వీలు లేదా ఇందులో?" అని అడిగేవారు. లేదండీ అంటే, "ఇది చేసినవాడు చెరువు చూసుండడు" అనేవారు. అందులో లావుపాటి ఎర్ర చేప ఒకటుండేది. దాన్ని ఆయన 'పెద్దావిడ' అనేవారు. వారం మధ్యలో ఫోన్ చేసి, అమ్మ ఆరోగ్యం అడక్కుండా, "పెద్దావిడ తిందా?" అని అడిగిన రోజులున్నాయి.

కొన్నాళ్ళకి, ఎండాకాలంలో, ఆట అమ్మినవాళ్ళ దగ్గర్నుంచి మెయిలు వచ్చింది. దుకాణం మూసేస్తున్నాం, ఇకమీదట మళ్ళీ దింపుకోవడం కుదరదు, మీ కాపీ మీరే దాచుకోండి అని. నేను బెదరలేదు. పిల్లలకి నేను చెప్పే పాఠమే అది. కాపీలు రెండుండాలి, రెండూ ఒకే ఊళ్ళో ఉండకూడదు. (తమ్మిలేరు పొంగితే ఏలూరులో ఏం మిగులుతుంది, అని ఉదాహరణ కూడా ఇచ్చేవాణ్ణి.) ఆటనీ, చేపలున్న ఫైలునీ రెండు సీడీల్లోకి ఎక్కించాను. ఒకటి అమ్మ బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టాను. రెండోది, ఊరి నుంచి వచ్చిన అత్తయ్య సంచిలో ఆవకాయ జాడీ పక్కన పెట్టి, "మావయ్యకివ్వండి, జాగ్రత్త పెట్టమనండి" అన్నాను. తర్వాతి ఆదివారం మావయ్యనే అడిగాను, జాగ్రత్త పెట్టారా అని. "చాలా జాగ్రత్తగా పెట్టాను" అన్నారు. ఇంకేమైనా అడగాలని నాకు తోచలేదు.

కాబట్టి ఆ మూడుంబావుకి నేను నింపాదిగా నవ్వాను. మర్నాడు రిపేరు కుర్రాడు హార్డ్ డిస్కు పోయిందండీ అన్నప్పుడు కూడా నవ్వాను. బీరువా తెరిచాక నవ్వు ఆగింది. అమ్మ చీరల మధ్య వేసిన కలరా ఉండలు సీడీ పెట్టె ప్లాస్టిక్కుని మెత్తబరిచి, మూతనీ సీడీనీ ఒకటి చేసేశాయి. "చీరలకి ఏం కాలేదు కదా!" అంది అమ్మ తృప్తిగా.

ఆ శనివారం కొల్లేటికి వెళ్ళాను. మావయ్య గట్టు మీద ఎదురొచ్చి, "నా చేపలు?" అన్నారు.

"ఉన్నాయండీ, మీ దగ్గరే. అత్తయ్యతో పంపిన సీడీ ఇవ్వండి."

మావయ్య అత్తయ్య వైపు చూశారు. అత్తయ్య చెరువు వైపు చూశారు. "ఏవండీ, అది కూడా కట్టేశారా?"

నాకప్పుడు గుర్తొచ్చింది. అంతకు ముందు మా సెంటర్లో పాడైపోయిన సీడీలు సంచెడు పంపింది నేనే, చెరువు మీద పిట్టల్ని బెదరగొట్టడానికి. నా రెండో కాపీని కూడా ఆయన ఆ లెక్కలోనే వేసుకున్నారు. చెరువు మీద అడ్డంగా కట్టిన తాళ్ళకి సీడీలు వేలాడుతూ, ఎండలో తళతళమంటూ తిరుగుతున్నాయి. ఒకదాని పక్కనే తాడు మీద నీటికాకి కూర్చుని రెక్కలారబెట్టుకుంటోంది.

"బెదరట్లేదేంటండీ?"

"మొదటి వారం బెదిరాయి. ఇప్పుడు మొహాలు చూసుకుంటున్నాయి. నీ సీడీ మంచిదని నట్టనడుమ కట్టానురా, ఎవరూ ఎత్తుకుపోకుండా" అన్నారు మావయ్య, ఇంకా కొంచెం గర్వంగానే.

దోనె ఎక్కాం. మావయ్య గెడ వేస్తుంటే నేను ఒక్కో సీడీనీ తిప్పి చూశాను. నేను దాని మీద 'చేపలు' అని రాశాను, కానీ ఎండకి అన్నిటి మీదా రాతలు వెలిసిపోయి ఉన్నాయి. గట్టు మీంచి అత్తయ్య, "చేపల్ని పట్టడానికి వల తీసుకెళ్ళాల్సింది!" అని అరిచారు. మావయ్య నవ్వలేదు. నడి చెరువులో, పిట్ట రెట్ట వెనక, 'చే' అనే అక్షరం మసగ్గా కనబడింది. దాన్ని ఆయనే విప్పారు. తాడు కొయ్యకుండా, ముడి విప్పి, చొక్కాలోపల బనీనుకి ఆనించి పెట్టుకున్నారు.

మర్నాడు చర్చి కూడా మాని మా ఇంటికొచ్చేశారు. అత్తయ్య సబ్బునీళ్ళతో కడిగి పంపిన సీడీ కొత్త డిస్కున్న కంప్యూటర్లో గిర్రున తిరిగి, ఆగి, మూలిగి, మళ్ళీ తిరిగింది. మావయ్య కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కున్నారు. (ప్రార్థనే అనుకుంటా. అలా చూస్తే ఆయన చర్చి మాన్లేదు.) తెర నీలంగా వెలిగింది. పెద్దావిడ మూలనుంచి మెల్లగా ఈదుకుంటూ వచ్చింది.

"చూస్తావేంట్రా! ఎండాకాలం నుంచి సీడీలో పస్తులున్నాయి. ముందు మేత వెయ్యి!"

మావయ్య ఇప్పుడు లేరు. ఆ ఫైలు మాత్రం డిస్కు నుంచి డిస్కుకి మారుతూ నాతో వచ్చింది. ఇప్పుడు మూడు చోట్ల ఉంది. జుట్టు నెరిసిన ఈ వయసులో కూడా, కాపీలు సరిగ్గా ఉన్నాయా అని అప్పుడప్పుడూ తెరిచి చూస్తుంటాను. పెద్దావిడ మూలనుంచి వస్తుంది, నోరు తెరుస్తుంది. మేత వేస్తే ఆట ముందుకి జరిగిపోతుంది, మావయ్య వదిలిన చోటు మారిపోతుంది. కాసేపు చూసి నవ్వుకుని మూసేస్తాను.

మా ఇంట్లో ఇప్పుడు ఆ చేపలకి ఎవరూ మేత వెయ్యడం లేదు.